‘షోయెత్’ అంటే ఏమిటి, ఎక్కడ రాయాలి, ఎలా చదవాలి: ఇంగ్లీషు పాత క్రియారూపానికి సమగ్ర మార్గదర్శి

సుప్రీంకోర్టులో వేసే స్పెషల్ లీవ్ పిటిషన్ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే అర్జీ) తెరిస్తే, పార్టీల పేర్లు అయిపోయాక, అసలు సంగతి మొదలయ్యే ముందు, ‘మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షోయెత్’ అన్న మాటలు కనబడతాయి. కొందరు ఆ క్రియను ఎస్-హెచ్-ఓ-డబ్ల్యూ-ఇ-టి-హెచ్ అని రాస్తారు, కొందరు ‘ఓ’ బదులు ‘ఇ’ పెట్టి ఎస్-హెచ్-ఇ-డబ్ల్యూ-ఇ-టి-హెచ్ అని రాస్తారు. రెండూ ఒకటే క్రియ. మనం రోజూ వాడే ‘షో’. చూపించు, తెలియజేయు, విన్నవించు అని అర్థం.

చాలామంది ఇ-ఓల తేడా దగ్గర ఆగిపోయి తికమక పడతారు గానీ, డ్రాఫ్టులు చెడేది అక్కడ కాదు. ఆ క్రియకు కర్త ఎవరో చూసుకోకపోవడం వల్ల చెడతాయి. అందుకే వర్ణక్రమం సంగతి త్వరగా తేల్చి, ఎక్కువ సేపు వ్యాకరణం మీద, వాడుక మీద ఉందాం. సౌకర్యం కోసం ఎస్-హెచ్-ఇ-డబ్ల్యూ ను ‘ఇ-రూపం’ అనీ, ఎస్-హెచ్-ఓ-డబ్ల్యూ ను ‘ఓ-రూపం’ అనీ అందాం.

మొదటి మెట్టు: పలకడం

ఇ-రూపాన్ని చూడగానే నోటికి ‘ష్యూ’ అని వస్తుంది. ఫ్యూ, డ్యూ, న్యూ అన్నీ అలాగే రాస్తారు కాబట్టి అలా అనిపించడం సహజమే. అయినా సరైన పలుకు ‘షో’. బట్టలు కుట్టడం అనే అర్థంలో ఎస్-ఇ-డబ్ల్యూ అని రాసి ‘సో’ అని చదువుతాం కదా, ఇదీ అదే లెక్క. శామ్యూల్ జాన్సన్ 1755లో నిఘంటువు వేసినప్పుడే ఈ పేచీ ఉంది. జనం తరచు ఇ-రూపం రాస్తున్నా ఎప్పుడూ ‘షో’ అనే పలుకుతారు కాబట్టి, వర్ణక్రమాన్నే ఉచ్చారణకు సరిదిద్దుతున్నానని ఆయన ఓ-రూపాన్ని ఎంచుకున్నాడు.

మరి ఆ ‘ఇ’ ఎక్కణ్నుంచి వచ్చింది? పాత ఇంగ్లీషులో ఈ క్రియ మధ్యలో రెండచ్చుల జంట ఒకటి ఉండేది. కొన్ని చోట్ల మొదటి అచ్చు మీద ఊనిక పడింది, కొన్ని చోట్ల రెండో దాని మీద పడింది. మొదటిది ఇ-రూపానికీ, రెండోది ఓ-రూపానికీ దారి తీశాయి. పలుకులో ఓ-రూపం గెలిచింది, రాతలో మాత్రం ఇ-రూపం 18వ శతాబ్దం దాటి 19వ శతాబ్దంలోకీ సాగింది. ఇంకో సంగతి: ఆ పాత క్రియకు మొదట ‘చూచు’ అనే అర్థం. జర్మన్‌లో దాని చుట్టమైన క్రియకు ఇవాళ్టికీ చూడటమే అర్థం. ఇంగ్లీషులో మాత్రం సుమారు 1200 నాటికి ‘చూపు’ అయిపోయింది.

‘ష్యూ’ అని చదవాల్సిన చోటు ఒకటుంది: పాత పద్యాల్లో ప్రాస కుదరాల్సినప్పుడు. ఇంగ్లీషు కవి మిల్టన్ తన 23 ఏళ్ల వయసు మీద రాసిన సానెట్‌లో ఈ క్రియను కుదించి యూత్, ట్రూత్ లతో ప్రాస కలిపాడు. అక్కడ ‘ష్యూత్’ అనకపోతే ప్రాస దెబ్బతింటుంది. పద్యం కాకపోతే మాత్రం ‘షో’ అనే చదవండి. కోర్టులో, చర్చిలో, క్లాసులో అదే సరి.

రెండో మెట్టు: రూపాలు గుర్తుపట్టడం

పాత పుస్తకంలో ఇవి ఎదురవుతాయి.

- మూల రూపం, ఆజ్ఞ: షో.
- భూతకాలం: షోడ్. ఇ-రూపంలోనూ చివర ఇ-డి చేరుతుంది.
- హ్యావ్, హ్యాత్ (‘హ్యాజ్’కు పాత రూపం) ల తర్వాత వచ్చే రూపం: షోన్. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ‘హ్యాత్ షోన్’ అని, ఇ-రూపంలోనే, ఉంది.
- హీ, షీ, ఇట్ లతో వర్తమానం: షోయెత్.
- దౌ, అంటే ఏకవచన ‘నీవు’తో: షోయెస్ట్, భూతంలో షోడ్‌స్ట్.

ఈ పట్టికలో తప్పులన్నీ పుట్టేది ‘ఎత్’ దగ్గరే. ఇ-టి-హెచ్ అనే ఈ ప్రత్యయం ఇప్పుడు మనం క్రియ చివర పెట్టే ‘ఎస్’కు పూర్వరూపం. అంతకు మించి దానికి గౌరవార్థం గానీ ‘చూపుతూ ఉన్నది’ అనే కొనసాగింపు అర్థం గానీ లేవు. ‘ఎత్’ దక్షిణ ఇంగ్లండుది, ‘ఎస్’ ఉత్తరాది నుంచి దిగి 16వ శతాబ్దంలో లండన్‌లో పాతుకుంది. 1611 బైబిల్ అనువాదకులు పాత పద్ధతి పట్టుకుని ‘ఎత్’ నే వాడారు. షేక్స్‌పియర్ మాత్రం ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’లో పోర్షియా దయ గురించి చెప్పే మాటల్లో, ఒకే పాదంలో ‘బ్లెసెత్’ అని ఒక క్రియనూ ‘గివ్స్’, ‘టేక్స్’ అని మరో రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. రాతలో ‘ఎత్’ ఉన్నా నోట ‘ఎస్’ అనడం కూడా ఉండేది. రిచర్డ్ హాడ్జెస్ అనే బడిపంతులు 1643లోనే ఆ మాట రాసిపెట్టాడు.

కాబట్టి పరీక్ష తేలిక. అనుమానం వచ్చిన చోట ‘ఎత్’ తీసి ‘ఎస్’ పెట్టండి. ఇవాళ్టి ఇంగ్లీషులో ఆ వాక్యం నిలబడితే ‘ఎత్’ కూడా నిలబడుతుంది. నిలబడకపోతే అది తప్పు. ఈ పరీక్షతో తేలిపోయే తప్పులు:

- ‘ఐ షోయెత్’, ‘దే షోయెత్’. ఐ, వీ, యూ, దే లతో ‘ఎత్’ రాదు.
- ‘డత్ షోయెత్’ (‘డత్’ అంటే ‘డజ్’కు పాత రూపం), ‘షల్ షోయెత్’, ‘డిడ్ షోయెత్’. సహాయక క్రియ ముందుంటే ప్రధాన క్రియ బోడిగానే ఉండాలి. ‘డత్ షో’ సరైనది.
- ‘హ్యాత్ షోయెత్’. ‘హ్యాత్ షోన్’ అనాలి.
- ‘డత్ నాట్ షోయెత్’. పాత పద్ధతిలో ‘షోయెత్ నాట్’ గానీ ‘డత్ నాట్ షో’ గానీ రాయాలి.

మూడో మెట్టు: పిటిషన్‌లో రాయడం

ఇక్కడ తొందర వద్దు. రాజ్యాంగం 136వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు వెళ్లే పిటిషన్‌లోని ఆ వాక్యాన్ని విడదీయండి: ‘ది స్పెషల్ లీవ్ పిటిషన్ ఆఫ్ ది పిటిషనర్ మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షోయెత్’. ఇందులో కర్త ఎవరు? పిటిషనరు కాదు, పిటిషన్. ఆ కాగితమే కోర్టుకు విన్నవిస్తోంది. కాగితం ఒక్కటే కాబట్టి క్రియ ఏకవచనం. పిటిషనర్లు ఇరవై మంది ఉన్నా సరే, ‘పిటిషన్ ఆఫ్ ది పిటిషనర్స్ షోయెత్’ అన్నది తప్పులేని వాక్యం.

వాక్యాన్ని కుదించబోయి ‘ది పిటిషనర్స్ అబవ్‌నేమ్డ్ మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షోయెత్’ అని రాస్తే మాత్రం దెబ్బ తింటారు. కర్త బహువచనమైపోయింది, ‘ఎత్’ నిలవదు. అక్కడ ‘షో’ అనాలి, లేదా ‘పిటిషన్ ఆఫ్’ను తిరిగి తేవాలి. ఒకే పిటిషనరు ఉన్న పాత డ్రాఫ్టును తెరిచి, పార్టీల పేర్లు మార్చి, కింద ఒక ఎస్ తగిలించడం వల్ల ఈ తప్పు పుడుతుంది. డ్రాఫ్టు కాపీ చేసినప్పుడు పేర్ల తర్వాత మొట్టమొదట చూడాల్సిన వాక్యం ఇదే.

తర్వాతి సంగతి ‘దట్’. ఉత్తరాది డ్రాఫ్టుల్లో ప్రతి పేరా ‘దట్ ది పిటిషనర్…’ అని ఎందుకు మొదలవుతుందో చాలామంది జూనియర్లకు ఎవరూ చెప్పరు. కారణం ఈ క్రియే. ‘పిటిషన్ విన్నవించునది’ అన్నాక, ఏమని విన్నవిస్తోంది? ఒకటి, ఫలానా అని. రెండు, ఫలానా అని. పేరాలన్నీ ఆ ఒక్క క్రియకు వేలాడే ఉపవాక్యాలు. మన తెలుగు అర్జీల్లో ‘సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా’ అని మొదలుపెట్టి సంగతులు వరసగా చెబుతాం చూడండి, ఆ ‘ఏమనగా’ చేసే పనినే అక్కడ షోయెత్, దట్ కలిసి చేస్తాయి. తెలుగులోకి అనువదించేటప్పుడు ‘చూపించుచున్నది’ అని పెట్టకండి, ‘విన్నవించుకొనునది ఏమనగా’ అనండి.

ఈ కారణం తెలిస్తే కింది నియమాలు వాటంతట అవే తేలతాయి.

పేరాలో మొదటి వాక్యానికే ‘దట్’ కావాలి. రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ అతికిస్తే పేరా కుంటుతుంది. ‘షోయెత్ యాజ్ అండర్’ (ఈ కింది విధంగా) అన్నాక కోలన్ పెట్టి ఒకటో నంబరు వేయాలి, ‘యాజ్ అండర్ దట్’ అని కలిపేయకూడదు. గ్రౌండ్స్ (కారణాలు) అన్న శీర్షిక కింద ‘బికాజ్’ తో మొదలయ్యే పేరాలు వేరే జాతి. అవి షోయెత్‌కు వేలాడవు కాబట్టి వాటికి ‘దట్’ తగిలించవద్దు. పైన షోయెత్ లేని కాగితంలో పేరాలన్నీ ‘దట్’ తో మొదలైతే అవి దేనికీ వేలాడని తోకలు. కోర్టు దాన్ని తిప్పికొట్టదు గానీ, చదివే జడ్జికి డ్రాఫ్టు ఎక్కణ్నుంచో కోసి అతికించినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

పురుషను గమనించండి. పిటిషన్ ప్రథమ పురుషలో నడుస్తుంది: ‘పిటిషనరు ఫలానా’. అఫిడవిట్ ఉత్తమ పురుషలో నడుస్తుంది: ‘నేను ప్రమాణపూర్వకంగా చెప్పునది’. కాబట్టి అఫిడవిట్‌లో షోయెత్‌కు చోటే లేదు. ‘ఐ’ తో ‘ఎత్’ పొసగదని పైన చూశాం. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల్లో రిట్ వేసేటప్పుడు, మద్రాసు నుంచి వచ్చిన అలవాటు ప్రకారం, సంగతులన్నీ అఫిడవిట్‌లో రాస్తారు. రిట్ పిటిషన్‌లో ‘జతపరచిన అఫిడవిట్‌లో చెప్పిన కారణాల వల్ల’ అని అసలు కోరికను మాత్రం రాస్తారు. ఢిల్లీ డ్రాఫ్టును నమూనాగా పెట్టుకుని, దాని పేరాలను ఇక్కడి అఫిడవిట్‌లోకి తెచ్చి పోస్తే ‘ఐ’, ‘దట్’, ‘ది పిటిషనర్’ కలగాపులగమవుతాయి. తెచ్చేటప్పుడు షోయెత్ తీసేయండి, దట్ లు తీసేయండి, ‘పిటిషనర్’ ను ‘ఐ’ గా మార్చండి, ఆ తర్వాత క్రియలు సరిచూసుకోండి. ఈ వరస మారిస్తే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

సివిల్ దావాకు ఈ గొడవే లేదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ అనుబంధం-ఎ లోని నమూనాలు ‘పైన పేర్కొన్న వాది ఈ విధంగా చెబుతున్నాడు’ అన్న అర్థంలో ‘స్టేట్స్ యాజ్ ఫాలోస్’ అని సాదాగా మొదలవుతాయి. ఆరో ఆర్డరు రెండో రూలు అడిగేది పేరాలు విడదీసి నంబర్లు వేయమని, తేదీలూ మొత్తాలూ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమని. ప్లెయింట్‌లో (దావా పత్రంలో) షోయెత్ పెడితే నేరం కాదు, అవసరమూ లేదు.

ఇ-రూపమా ఓ-రూపమా అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. కోర్టు రూల్స్‌లో నమూనా ఉంటే అందులో ఉన్న అక్షరాలే వాడండి. సుప్రీంకోర్టు నమూనాలో ఉన్నది ఓ-రూపం. నమూనా లేని చోట కూడా ఓ-రూపమే మేలు. ఇ-రూపం రాసి, కింద పేరాల్లో మామూలు ‘షోన్’ ను ఓ తో రాస్తే ఒకే కాగితంలో రెండు కాలాలు కనబడతాయి. ‘షోకాజ్ నోటీసు’ ను ఇవాళ ఇ తో రాయడం ఒట్టి వేషం. అసలు ఈ క్రియను జన్మభూమిలోనే సడలిస్తున్నారు: బ్రిటిష్ కామన్స్ సభకు ఇచ్చే ప్రజా అర్జీల్లో ఇప్పుడు ‘డిక్లేర్స్ దట్’ అని రాస్తారు.

నాలుగో మెట్టు: దస్తావేజులో దీని తోబుట్టువు

ఇంగ్లీషు సేల్ డీడ్‌లో ‘నౌ దిస్ డీడ్ విట్నెసెత్ యాజ్ ఫాలోస్’ అని ఉంటుంది. విట్నెస్ అన్న మాట చూసి ఇది సాక్షుల సంతకాలకు సంబంధించినదని అనుకుంటారు. కాదు. ఇక్కడ అది క్రియ, ‘ఈ దస్తావేజు నిరూపించునది’ అని అర్థం. ‘వేరాజ్’ తో మొదలైన పూర్వాపరాలన్నీ అయ్యాక, అసలు ఒప్పందం మొదలయ్యే చోటును అది గుర్తు చేస్తుంది. తెలుగు దస్తావేజుల్లో ‘వ్రాయించి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా’ లోని ‘ఏమనగా’ దీనికి దగ్గరగా వస్తుంది.

ఇక్కడి ఉచ్చు వేరు. కొన్ని దస్తావేజుల్లో ‘దిస్ డీడ్’ బదులు ‘దీజ్ ప్రెజెంట్స్’ అని ఉంటుంది. ‘ఈ పత్రములు’ అని దాని భావం. అది బహువచనం కాబట్టి ‘దీజ్ ప్రెజెంట్స్ విట్నెస్’ అనే రాయాలి. ‘దీజ్ ప్రెజెంట్స్ విట్నెసెత్’ అన్న తప్పు రిజిస్టరైన దస్తావేజుల్లోనూ దర్జాగా కూర్చుని ఉంటుంది. దానివల్ల హక్కు పోదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన పత్రం కావాలి. ఈ పాత క్రియ ఉండి తీరాలని ఎక్కడా లేదు. మొత్తంగా తీసేసి ‘ఉభయులూ అంగీకరించినది’ అన్న అర్థంలో మామూలు ఇంగ్లీషు రాసినా దస్తావేజు చెల్లుతుంది.

ఐదో మెట్టు: బైబిల్ చదివేటప్పుడు

1611 ఇంగ్లీషు బైబిల్‌లో ఇ-రూపం అడుగడుగునా ఉంటుంది. అమెరికాలో అచ్చయ్యే కొన్ని ప్రతుల్లో ఓ-రూపానికి మార్చేశారు. కాబట్టి పక్కనున్నవారి ప్రతిలో వేరేగా ఉంటే వాక్యం మారిందని కంగారుపడనక్కర్లేదు.

అర్థంలో మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడ ఈ క్రియ కంటికి చూపించడాన్ని మాత్రమే కాదు, నోటితో చెప్పడాన్ని కూడా సూచిస్తుంది. తెలుగు బైబిల్‌ను పక్కన పెట్టుకుంటే ఈ తేడా తేటగా కనిపిస్తుంది. కీర్తనలు 19:1లో ‘ప్రచురపరచుచున్నది’ అని ఉంది. యోహాను 16:13లో జరగబోయే సంగతులను ‘తెలియజేయును’ అని ఉంది. 1 కొరింథీయులు 11:26లో ప్రభువు మరణాన్ని ‘ప్రచురించుదురు’ అని ఉంది. 2 తిమోతి 2:15లో దేవునికి తన్ను తాను ‘కనుపరచుకొనుట’ అని ఉంది. ఇంగ్లీషులో ఈ నాలుగూ ఒకే క్రియ. ఇంగ్లీషు ప్రసంగాన్ని అప్పటికప్పుడు తెలుగులోకి చెప్పేవారు అన్నిచోట్లా ‘చూపించు’ అని లాగిస్తే కొరింథీయుల వాక్యం దెబ్బతింటుంది. ఆ తిమోతి వాక్యంలోనే ఇంకో మెలిక ఉంది. అక్కడి ‘స్టడీ’కి పుస్తకం పట్టి చదవడం అర్థం కాదు, తెలుగులో ఉన్నట్టు ‘జాగ్రత్తపడుము’ అని అర్థం.

నిర్గమకాండము 25:30లో ‘షోబ్రెడ్’ అని ఒక సమాసం వస్తుంది. లూథర్ జర్మన్ బైబిల్‌లోని మాట నమూనాగా, బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్ ఇంగ్లీషులోకి తెచ్చినది. తెలుగులో ‘సన్నిధి రొట్టెలు’ అన్నారు, అదే మూలానికి దగ్గర. ‘చూపుడు రొట్టె’ అని అక్షరానువాదం చేయవద్దు.

ఆరో మెట్టు: పాత పుస్తకాల్లో వెతకడం

డిజిటల్ ప్రతుల్లో ఓ-రూపం కొట్టి వెతికితే ఇ-రూపం దొరకదు. కాబట్టి ప్రతి వెతుకులాటా రెండుసార్లు జరగాలి. 1800కు ముందు అచ్చయిన పుస్తకమైతే మూడోసారి కూడా. ఆ కాలపు అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ అక్షరం పొడుగ్గా, అడ్డగీత సగమే ఉన్న ఎఫ్ లా ఉంటుంది. యంత్రం దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. అందుకని ఎస్ బదులు ఎఫ్ పెట్టి, ఎఫ్-హెచ్-ఇ-డబ్ల్యూ, ఎఫ్-హెచ్-ఇ-డబ్ల్యూ-ఎన్ అని కూడా కొట్టి చూడండి. వ్యర్థంగా కనిపించే ఈ అక్షరాలే సిసలైన ఫలితాలు తెస్తాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులు, జిల్లా మాన్యువళ్లు తిరగేసేవారికి ఊర్ల పేర్ల వర్ణక్రమం కూడా ఇలాగే అడ్డుపడుతుంది. కృష్ణను ‘కిస్ట్నా’ అనేవారు. క్రియ, ఊరు రెండూ ఒకే వాక్యంలో ఉంటే రెండింటికీ పాత అక్షరాలు వేసి చూడాలి.

ఎత్తి రాసేటప్పుడు ఇ-రూపాన్ని మార్చకండి, పక్కన ‘మూలంలో ఇలాగే ఉంది’ అన్న గుర్తు కూడా పెట్టకండి. అది తప్పు కాదు కదా, ఆ కాలపు సరైన రాత. 1787 అమెరికా రాజ్యాంగంలో ‘చూజ్’ అన్న క్రియను సి-హెచ్-యు-ఎస్-ఇ అని రాశారు, దానికీ ఇదే వర్తిస్తుంది. తేదీ కట్టడానికి మాత్రం ఇ-రూపాన్ని నమ్మకండి. బెర్నార్డ్ షా 1950లో చనిపోయేదాకా తన నాటకాల్లో పట్టుబట్టి దాన్నే అచ్చు వేయించాడు. ఇ-రూపం కనబడింది కాబట్టి పుస్తకం 18వ శతాబ్దానిదని తేల్చలేం. పొడుగు ఎస్ కూడా తోడుంటే అప్పుడు కొంత ధైర్యంగా చెప్పవచ్చు.

టైపు చేసేటప్పుడు స్పెల్ చెకర్ ఈ మాటల కింద ఎర్రగీత గీస్తుంది. అది సూచించిన మొదటి మాటను నొక్కేయకుండా, షోయెత్, విట్నెసెత్ రెంటినీ దాని నిఘంటువులో చేర్చుకోండి. ఇ-రూపాన్ని మాత్రం చేర్చవద్దు. చేరిస్తే, కుట్టడానికి సంబంధించిన మాట రాయబోయి మధ్యలో ఒక హెచ్ అదనంగా పడినా అది పట్టుకోదు.